పెరటి కిటికీలో ఆ స్టీలు గ్లాసు

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది ఒంగోలు. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని, మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. మా ఇంట్లో చాలా ఏళ్లుగా ఒకామె పనిచేస్తోంది. యాభై దాటి ఉంటాయి. ఆవిడా విశ్వాసే. కరోనా టైంలో ఆమెకు వేరే గ్లాసు పెట్టాం. కరోనా పోయింది గానీ ఆ గ్లాసు పోలేదు. పెరటి కిటికీలో బోర్లించి ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనూ ఆమే వంటగదిలో కూర్చుని ఒకే రకం కప్పుల్లో టీ తాగుతాం. అత్తయ్య ఉన్నా, బంధువులొచ్చినా మళ్లీ ఆ గ్లాసే. పోయిన నెల మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ఆమె గుమ్మం దగ్గర కింద కూర్చుంది. వాక్యం అయ్యాక టీ ఇస్తుంటే మా పదేళ్ల పాప అందరి ముందూ అడిగేసింది: "అమ్మా, చర్చిలో అందరికీ ఒకే రొట్టె కదా, మరి ఆంటీకి వేరే గ్లాసెందుకు?" అత్తయ్య దాన్ని లోపలికి పంపేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత నేను మాట కదిపితే అత్తయ్య, "దాసులు యజమానులకు లోబడాలని పౌలే రాశాడు, ఎవరి స్థానం వాళ్లది" అన్నారు. ఆమె జీతం మూడు వేలు. మూడేళ్లుగా పెంచలేదు. అడిగితే, "మందిర నిర్మాణానికి మాట ఇచ్చాం కదా, ఈ ఏడాది కుదరదు" అన్నారు ఇంట్లో. నిజానికి మాదీ పల్లె నుంచి వచ్చిన కుటుంబమే. మామయ్య వాళ్ల నాయనమ్మ ఊళ్లో దోసిలి పట్టి నీళ్లు తాగేదని ఆయనే చెప్తారు. వేరే గ్లాసు పెట్టడం పాపమా? అత్తయ్యకు ఎదురు చెప్తే తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ మీరినట్టా?
– ఒక సోదరి

సమాధానం:

అమ్మా, మీకు కూడా వందనాలు. మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. పాపమే. 2020లో పెట్టినప్పుడు అది జాగ్రత్త. ఆ రోజుల్లో సొంత అన్నదమ్ములనే గేటు బయట నిలబెట్టి మాట్లాడాం. కానీ ఇప్పుడు మీ ఇంట్లో గ్లాసులు, ప్లేట్లు, మీ పాప పాలు తాగే కప్పు, అన్నీ తోమేది ఆమే. ఆమె చేతులు తగలని గిన్నె మీ వంటగదిలో ఒక్కటీ లేదు. ఆమె నోరు తగిలిన గ్లాసొక్కటే కిటికీలోకి వెళ్తోంది. జలుబుతో దగ్గుతూ వచ్చిన చుట్టానికి వేరే గ్లాసు పెట్టరు కదా. కాబట్టి శుభ్రత అన్న మాట పక్కన పెట్టేద్దాం. మీకూ ఆ సంగతి తెలుసు. తెలియకపోతే ఆ రాత్రి నిద్ర పట్టేది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. ఎవరూ లేనప్పుడు ఇద్దరూ కూర్చుని టీ తాగుతామని, అత్తయ్య ఉంటే మళ్లీ ఆ గ్లాసేనని రాశారు. ఇది చదవగానే నాకు గలతీ పత్రిక రెండో అధ్యాయం గుర్తొచ్చింది. అంతియొకయ పట్టణంలో పేతురు, తాను యూదుడై ఉండి, అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేసేవాడు. ఎవరి పక్కన కూర్చుంటున్నానన్న పట్టింపు లేకుండా తినేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరి యూదులు కొందరు వచ్చారు. అంతే, "సున్నతి పొందిన వారికి భయపడి వెనుకతీసి వేరైపోయెను." పేతురుకు వాళ్లంటే అసహ్యం లేదు. కొర్నేలీ అనే రోమా సైనికాధికారి ఇంట్లో అన్నం తిన్న మనిషి ఆయన. తనవాళ్లు ఏమనుకుంటారోనన్న భయం ఒక్కటే ఆయన్ని బల్ల దగ్గరి నుంచి లేపింది. ఆయన్ని చూసి బర్నబా కూడా లేచిపోయాడు.

పౌలు దాన్ని మర్యాదకు సంబంధించిన చిన్న విషయంగా తీసుకోలేదు. అందరి ముందూ నిలదీశాడు. వీళ్లు సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు. బోధలో తప్పు దొరికి కాదు ఆ మాట అన్నది. భోజనం దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్న దాని గురించి అన్నాడు. మీ ఇంట్లో ఆ పని మీ పాప చేసింది. పౌలంత గట్టిగా కాదు గానీ, అదే ప్రశ్న, అలాగే అందరి ముందూ.

గుమ్మం దగ్గర కింద కూర్చోవడం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మూడో వచనం తీయండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, దరిద్రునితో "నీవక్కడ నిలువుము, లేక ఇక్కడ నా పాదపీఠమునకు దిగువను కూర్చుండుము" అనడం గురించి ఉంటుంది. మీ హాల్లో సోఫా ఎక్కడుందో, ఆమె ఎక్కడ కూర్చుందో ఒక్కసారి తలుచుకోండి చాలు.

ఇక అత్తయ్యగారు ఎత్తిన పౌలు మాట. దాసులు లోబడాలని పౌలు రాసిన మాట నిజమే. ఎఫెసీ ఆరో అధ్యాయం ఐదో వచనంలో ఉంది. కానీ నాలుగు వచనాలు కిందికి వస్తే యజమానులతో మాట్లాడతాడు. బెదిరించడం మానండి, వాళ్లకూ మీకూ యజమానుడైనవాడు పరలోకంలో ఉన్నాడు, ఆయనకు పక్షపాతం లేదు అంటాడు. కొలస్సీ నాలుగో అధ్యాయం మొదటి వచనం ఇంకా సూటిగా ఉంటుంది: "న్యాయమైనదియు ధర్మానుసారమైనదియు మీ దాసులయెడల చేయుడి." అత్తయ్యగారు చెప్పిన వచనం పనిచేసే ఆమెకు రాసింది. ఇది మీ ఇంటికి రాసింది. మన పేరున వచ్చిన ఉత్తరం పక్కన పెట్టి పక్కింటావిడ ఉత్తరం గట్టిగా చదివి వినిపించడం మన సంఘాల్లో చాలాకాలంగా నడుస్తోంది, అది నాకు బాధగా ఉంటుంది. పైగా మీ ఇంట్లో పనిచేసే ఆమె దాసి కాదు. జీతానికి వచ్చే మనిషి. రేపు మానేయాలనుకుంటే మానేయగలదు.

ఒకటి అడగాలి. మీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. ఆమెకు ఆదివారం సెలవుందో లేదో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఎందుకు అడుగుతున్నానంటే, మా అమ్మ బాపట్లలో రెండిళ్లలో అంట్లు తోమేది. ఆదివారం వస్తే పని రెట్టింపు. చుట్టాలొస్తారు, కూర వండుతారు, మామూలు రోజు కంటే అంట్లు ఎక్కువ పడతాయి. ఆరాధన తొమ్మిదిన్నరకు. మా అమ్మ వచ్చేసరికి ప్రసంగం సగమయ్యేది. తలుపు పక్కన చివరి వరసలో కూర్చునేది. ఇత్తడి బిందెలు చింతపండు, బూడిద పెట్టి తోమీ తోమీ వేళ్ల సందుల్లో పగుళ్లుండేవి. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం, ద్రాక్షరసంలో ముంచిన రొట్టె ముక్క చేతిలో పెట్టేవాళ్లు. ఆ తడి పగుళ్లలోకి దిగి చురుక్కుమనేది. చెయ్యి చాపే ముందు కొంగుకు రెండుసార్లు తుడుచుకునేది. నేను పక్కన నిలబడి చూసేదాన్ని. ఆమె పనిచేసే ఒక ఇంటివాళ్లది మా చర్చే. వాళ్లు ముందు వరసలో కూర్చునేవాళ్లు, టైముకు వచ్చేవాళ్లు. వాళ్లు టైముకు రాగలిగింది మా అమ్మ వెనక ఉండి పని ముగించబట్టే. ఆ సంగతి వాళ్లకు ఎప్పుడైనా తట్టిందో లేదో నాకు తెలీదు.

మీరు ఒంగోలు అన్నారు గనక ఇంకా చెప్పాలి. మీ ఊరికి ఆదివారంతో చాలా పెద్ద కథ ఉంది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడ్డాక మొదట ఆయన మాట విన్నవాళ్లు మాదిగలు. యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు పల్లె పల్లె తిరిగి చెప్పారు. కొత్తగా నమ్మినవాళ్లు పట్టుకున్న నియమాలు మూడంటే మూడు. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఊళ్లో పెద్దలకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ మూడోది. వెట్టి చేసే మనిషి ఒక రోజు నాది అంటే వాళ్లకు మింగుడు పడలేదు. ఆ ఒక్క రోజు కోసం వాళ్లు పడిన కష్టం అంతా ఇంతా కాదు. వీళ్ల బట్టలు ఉతకొద్దని చాకలికి, కుండలు అమ్మొద్దని కుమ్మరికి చెప్పారు. పశువులను బీళ్లలోకి రానివ్వలేదు. అయినా ఆదివారం పనికి వెళ్లలేదు.

తర్వాత 1876 నుంచి 78 దాకా ధాత కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని నడిచినంతకాలం, ఎంత మంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని. కూలి కూలే, విశ్వాసం విశ్వాసమే. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్య మీ సంఘంలో పిల్లలకు కూడా నోటికి వచ్చే ఉంటుంది. దాని వెనక ఉన్న ఆదివారం గొడవ మాత్రం అంతగా చెప్పుకోం.

మామయ్యగారి నాయనమ్మ దోసిలి పట్టిందన్నారు. ఆ తరానికి ముందు తరంవాళ్లు ఒక్క రోజు విశ్రాంతి కోసం కుండలు, బీళ్లు కూడా వదులుకున్నారు. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో విశ్రాంతి దినం ఆజ్ఞ చదవండి. నిర్గమకాండంలో ఇదే ఆజ్ఞకు దేవుడు ఆరు రోజుల్లో సృష్టించాడన్న కారణం చెప్తాడు. ఇక్కడ కారణం మారుతుంది. నీ దాసుడూ నీ దాసీ నీవలె విశ్రమించాలి, ఐగుప్తులో నువ్వూ దాసుడివేనని గుర్తు పెట్టుకో అంటాడు. ఆ "నీవలె" అన్న ఒక్క మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. మీ ఇంటికి ఐగుప్తు ఎక్కడో దూరంలో లేదు. మామయ్యగారి జ్ఞాపకంలోనే ఉంది.

అందుకే మొదట గ్లాసు కంటే ముందు ఆదివారం ఇవ్వండి. జీతం కోయకుండా, పూర్తి రోజు. శనివారం అంట్లు ఆదివారం మీరే తోముకోండి. ఆ రోజు చుట్టాలొస్తే మీ ఆయన కూడా సింకు దగ్గర నిలబడతారు. "చర్చికెళ్లి రా, వచ్చాక కాస్త చెయ్యి" అనడం సెలవు కాదు. ఇంటిపని చేసేవాళ్లకు వారానికి ఇరవై నాలుగు గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒడంబడికలోనే ఉంది. మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటిపనివాళ్ల రక్షణకు చట్టం ఎలా ఉండాలో చూడటానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. చట్టం వచ్చేదాకా మీరు ఆగక్కర్లేదు. మీ దగ్గర సీనాయి కొండ మీద ఇచ్చిన చట్టం ఉంది.

జీతం మాట. మందిర నిర్మాణానికి మాట ఇచ్చామని పెంచలేదన్నారు. దశమ భాగం గురించి మన కానుక కవర్ల మీద అచ్చు వేసే వచనం మలాకీ మూడో అధ్యాయం పదో వచనం: "పదియవ భాగమంతయు మీరు నా మందిరపు నిధిలోనికి తీసికొని రండి." అదే అధ్యాయంలో ఐదు వచనాలు పైకి వెళ్లండి. తీర్పు తీర్చడానికి నేను మీ దగ్గరికి వస్తాను అంటూ దేవుడు కొందరి పేర్లు చెప్తాడు. మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణం చేసేవాళ్లు. వాళ్లతో పాటు అదే వరసలో, కూలి విషయంలో కూలివాళ్లను బాధపెట్టేవాళ్లు. పదో వచనం కవరు మీదికి వచ్చింది, ఐదో వచనం రాలేదు. యాకోబు అయితే ఆ కూలికే గొంతు ఇచ్చాడు. "మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అన్నాడు. మీరు మోసం చేశారని నేను అనడం లేదు. మూడేళ్లలో కందిపప్పు, నూనె, గ్యాస్ బండ ధరలు మీ ఇంట్లో ఎంత పెరిగాయో ఆమె ఇంట్లోనూ అంతే పెరిగాయి. ఈ మధ్యలో మీకు డీఏ పెరిగింది, ఆమెకు పెరగలేదు.

ఆమె పనిని ఒక కాగితం మీద రాయండి. రెండు పూటలా అంట్లు, ఊడవడం, తుడవడం, బట్టలు. ఎన్ని గంటలు పడుతోందో లెక్క కట్టండి. ఆ వీధిలో ఎంత ఇస్తున్నారో అడగండి. అందరూ తక్కువ ఇస్తుంటే దాన్ని కొలతగా తీసుకోకండి. మీ బడిలో అటెండర్‌కి గంటకు ఎంత పడుతుందో కూడా పక్కన రాసి చూడండి. ఆ తర్వాత ఒక మొత్తం నిర్ణయించి, ఈ నెల నుంచే ఇవ్వండి. మందిరానికి ఇచ్చిన మాట ఆరు నెలలు ఆలస్యమైతే పాస్టరు గారితో చెప్పుకోవచ్చు. ఆయన అర్థం చేసుకోకపోతే ఈ ఉత్తరం చూపించండి. ఇచ్చేటప్పుడు కానుకలా ఇవ్వొద్దు, ప్రార్థన చేసి చేతిలో పెట్టడాలు వద్దు. జీతం పెరిగిందని చెప్పి ఇవ్వండి, అంతే.

ఇంకో చిన్న పని. ఆమెకు ఈ-శ్రమ్ కార్డు ఉందో లేదో కనుక్కోండి. పదహారు నుంచి యాభై తొమ్మిదేళ్ల మధ్య అసంఘటిత కార్మికులందరూ నమోదు చేసుకోవచ్చు, ఇంటిపనివాళ్లు కూడా. ఆధార్ పట్టుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కి (సీఎస్‌సీ) మీరే వెంట వెళ్లండి. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి ఇరవై రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. మీ ఆయన బ్యాంకులోనే పనిచేస్తారు కదా, పది నిమిషాల పని.

ఇప్పుడు అత్తయ్యగారి సంగతి. సన్మానించడం అంటే ఆమె చెప్పిన ప్రతిదీ చేయడం కాదు, ఆమెను తక్కువ చేయకుండా ఉండడం. మీరు ఆ రెండూ కలిపేసుకుని టెన్షన్ పడుతున్నారు. నా మనసుకు తోచింది చెప్తాను. ఆ గ్లాసు మీద అత్తయ్యగారికి అంత పట్టుదల ఎందుకు? దోసిలి పట్టిన ఇంటి కోడలు ఆమె. ఎంతో కష్టపడి ఇక్కడిదాకా వచ్చారు. ఇంట్లో ఒకరికి వేరే గ్లాసు ఉండడం, మనం ఆ గ్లాసువాళ్లం కాదని ఆమెకు ప్రతిరోజూ కనిపించే రుజువు. ఆ భయాన్ని మీరు తిట్టొద్దు. కానీ దానికి లొంగొద్దు కూడా.

ముందు మీ ఆయనతో మాట్లాడండి. ఆయన మీ పక్షాన ఉన్నాకే ఇంట్లో మాట ఎత్తండి. ఎత్తేది పనిచేసే ఆమె లేనప్పుడు. ఆమె ముందు గొడవ పెట్టుకుంటే, మీరు నీతిమంతురాలు అవుతారు, ఉద్యోగం ఆమెది పోతుంది. ఇది మరిచిపోకండి. తర్వాత ఒక సాయంత్రం మామయ్యగారిని, వాళ్ల నాయనమ్మ కథ పాపకు మొదటినుంచి చెప్పమనండి. ఏ ఊరు, ఏ బావి, ఎవరు పైనుంచి నీళ్లు పోసేవాళ్లు, ఎండాకాలం ఎంతసేపు నిలబడాల్సి వచ్చేది. అత్తయ్యగారు అక్కడే కూర్చుని వింటారు. మీరు మధ్యలో వాక్యాలు చెప్పకండి. ఆయన్ని చెప్పనివ్వండి.

వచ్చే కూడికలో ఆమెను అందరి ముందూ సోఫా మీదికి లాగొద్దు. అది ఆమెకు ఇంకో పరీక్ష. కుర్చీలు తీసేసి హాలంతా చాపలు పరవండి. నా చిన్నప్పుడు కూడికలన్నీ చాపల మీదే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం కుర్చీలు. మిగిలిన అందరూ కింద కూర్చుంటే కింద అన్న మాటే ఉండదు. కొరింథులో డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తినేసేవాళ్లు, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చిన పేదవాళ్లకు ఏమీ మిగిలేది కాదు. పౌలు వాళ్లతో చెప్పింది, "భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." మీ కూడిక టైము ఆమె పనంతా అయ్యాక పెట్టుకోండి. అరగంట ఆలస్యమైతే ఏం?

ఆమెను ఏమని పిలుస్తున్నారు? యాభై దాటిన మనిషిని "పనమ్మాయి" అని చెప్పుకోవడం, పేరు పెట్టి "నువ్వు" అనడం మన ఇళ్లలో ఎవరికీ తప్పనిపించదు. మీ పాప "ఆంటీ" అంటోంది. మీరు "అక్కా" అనండి. విశ్వాసి అన్నారు కదా, సంఘంలో సిస్టర్ అంటూనే ఉంటారు.

క్షమించమని అడగాలా అని మీరు అడగలేదు గానీ, అడగాలనే నా ఉద్దేశం. ఒక్కసారి, ఇద్దరూ వంటగదిలో ఉన్నప్పుడు, రెండు మాటల్లో. ఏడవొద్దు. మీరు ఏడిస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆమె "అయ్యో, పర్లేదమ్మా" అంటే, పర్లేదని అనుకోకండి. ఏమీ అనకపోయినా నొచ్చుకోకండి.

పాపకు కూడా జవాబు బాకీ ఉన్నారు. లోపలికి పంపేసిన ఆ క్షణంలో అది, అడగకూడని ప్రశ్న ఒకటి ఉందని నేర్చుకుంది. ఈ వారంలోనే కూర్చోబెట్టి చెప్పండి: "నువ్వడిగింది కరెక్టే నాన్నా, ఆ గ్లాసు పెట్టడం అమ్మ చేసిన తప్పు." నానమ్మను అందులోకి లాగొద్దు. తర్వాత బజారుకు వెళ్లి, ఒకే రకం స్టీలు గ్లాసులు డజను కొనండి. ఏవి కొనాలో పాపను ఎంచనివ్వండి.